విందు కోసం ఆగని స్ట్రెచర్

పెద్దాయమ్మకు కోపం ముక్కు మీద ఉంటుందని ఆసుపత్రిలో అందరూ అంటారు. ఆవిడను ఎరిగినవాళ్ళు మాత్రం అలా అనరు. ఆవిడ కోపం ముందు చేతుల్లోకి వస్తుంది. దుప్పటి దులిపే చప్పుడులో తేడా వస్తే చాలు, వార్డులో నర్సులు కబుర్లు కట్టిపెట్టి ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు. నోటి దాకా రావడం బహు అరుదు. అలా నోటి దాకా వచ్చిన రోజు సంగతి ఇది.

సంగతి కంటే ముందు మనిషిని చెప్పాలి. చిన్నపిల్లల గుండె జబ్బులకు చందాలతో నడిచే ఈ ఆసుపత్రి ఇవాళ నాలుగంతస్తుల మేడ. మొదలైనప్పుడు సైకిళ్ళ కొట్టు మీద రెండు అద్దె గదులు. ఆ గదులకు మొదటి ఆయా పెద్దాయమ్మ. ఊడ్చింది ఆవిడే, ఉతికింది ఆవిడే, ఏడ్చే పిల్లల్ని చంకనేసుకుని మెట్ల మీద అటూ ఇటూ తిప్పిందీ ఆవిడే. చదువు ఊరి బడిలో ఐదో తరగతి. అయితేనేం, తల్లులు పిల్లల మంచం పక్కనే పడుకోవచ్చన్న నియమం ఈ ఆసుపత్రిలో ఆవిడ తెచ్చిందే. అంతకుముందు ఆ తల్లులు గేటు బయట పడుకునేవారు. ముందు వాకిట్లో మెట్లు కొట్టించి ఏటవాలు దారి వేయించింది ఆవిడే, మేస్త్రీ పక్కన ఎండలో నిలబడి మరీ. నీళ్ళపాలు పోసే పాలవాడిని గేటులోంచే వెనక్కి పంపింది. ఇన్నేళ్ళలో ఎందరు పిల్లల్ని స్ట్రెచర్ మీద ఆపరేషన్ గదికి తోసుకెళ్ళిందో లెక్కలేదు గాని, ఆవిడ చేతి కింద ఒక్క చక్రం గుమ్మానికి తగిలి ఒక్క పిల్ల ఉలిక్కిపడిందని చెప్పమనండి, చూద్దాం.

చందాలూ ఆవిడకు కొత్త కాదు. ఆ తొలి రోజుల్లో ఆసుపత్రి పెట్టిన పెద్ద డాక్టరుగారితో కలిసి సంత వీధిలో దుప్పటి పట్టింది. సినిమా హాలు బయట పట్టింది. బస్టాండులో పట్టింది. "అడగడంలో సిగ్గేముంది? పిల్ల కోసం అడుగుతున్నాం. సిగ్గంతా అడిగే తీరులో ఉంటుంది" అనేది. దుప్పటి పట్టినప్పుడు పక్కన ఏ రోగిష్టి పిల్లనూ నిలబెట్టనిచ్చేది కాదు. ఒకసారి ఎవరో, పిల్లను చూపిస్తే రెండింతలు పడుతుందని సలహా ఇచ్చారు. "నీ పిల్లను తీసుకొచ్చి నిలబెట్టు, అప్పుడు చూద్దాం" అంది. ఆ మనిషి మళ్ళీ సలహా ఇవ్వలేదు.

ఇక విదేశీ బాబు. వాడు పెద్దాయమ్మ చెల్లెలి కొడుకు. ఆవిడ జీతంతోనే చదువుకుని, ఈ ఆసుపత్రిలోనే చందాల పని చూసే ఉద్యోగంలో చేరాడు. ఇక్కడ సాయంత్రం దీపాలు పెట్టే వేళ చెవిలో ఫోను పెట్టుకుని ఎవరికో శుభోదయం చెబుతుంటాడని ఆసుపత్రి వాళ్ళు ఆ పేరు పెట్టారు. పేరు వెటకారానికి పెట్టినా, వాడు చేసిన పని చిన్నది కాదు. సముద్రాల అవతల పిల్లల వైద్యానికి డబ్బు పోగుచేసే సంఘాలు ఎక్కడెక్కడో విడివిడిగా ఉంటే, వాటిని ఒకదానికొకటి పరిచయం చేసి, ఉత్తరాలు రాసి, మాట్లాడి మాట్లాడి గొలుసులా కలిపాడు. కొత్త మేడ మీది రెండంతస్తులూ ఆ గొలుసు చలవే. పెద్దాయమ్మ ఎవరి ముందూ వాడిని మెచ్చుకోదు. వాడి ఫోటో పేపర్లో పడితే మాత్రం ఆ కాగితం మీద కూరగాయలు తరగనివ్వదు.

ఆ సంఘాలన్నీ ఏటా ఒకసారి ఒక దూరదేశపు నగరంలో పెద్ద విందు పెడతాయి. డబ్బున్నవాళ్ళు వస్తారు, భోంచేస్తారు, ఇంత ఇస్తామని మాట ఇస్తారు. కిందటేడు విందులో ఒక సినిమా ముక్క చూపించారట. జనం తింటూ మాట్లాడుకుంటూ దాన్ని పట్టించుకోలేదట. అందుకని ఈ ఏడు విందు పెట్టే దొరసానికి కొత్త ఆలోచన వచ్చింది. గోడంత తెర మీద, ఇక్కడ జరుగుతున్నది జరుగుతున్నప్పుడే, ఒక పిల్ల స్ట్రెచర్ మీద ఆపరేషన్ గది తలుపు దగ్గరికి వస్తుంది. చెయ్యి ఊపుతుంది. తలుపు తెరుచుకుంటుంది, పిల్ల లోపలికి వెళ్తుంది, తలుపు మూసుకుంటుంది. సరిగ్గా ఆ క్షణంలో హాల్లో వాళ్ళు చేతులెత్తి ఎవరెంత ఇస్తారో చెబుతారు. అక్కడి రాత్రి భోజనం వేళ ఇక్కడ పొద్దున్న. విదేశీ బాబు సరేనన్నాడు. ఆసుపత్రి చైర్మన్ గారు కోటు కుట్టించుకుని విమానమెక్కారు.

ఎంచుకున్న పిల్ల పిచ్చుక. గుండెలో రంధ్రం. నాలుగడుగులు వేస్తే రొప్పుతుంది. ఎత్తుకుంటే బరువే తెలియదని వార్డులో ఆ పేరు వచ్చింది. తల్లి ఇస్త్రీ బండి నడుపుతుంది. కిందటి నెల ఆపరేషన్ రోజున జ్వరం తగిలి పిల్లను ఇంటికి పంపేశారు. సర్జన్ వేరే ఊరి నుంచి నెలకొక్క రోజే వస్తాడు. పొద్దున దిగి, మధ్యాహ్నం రైలుకు వెళ్ళిపోతాడు. పిల్ల కళ్ళు తెరవడం చూడనిదే కదలడు కాబట్టి పది దాటితే కత్తి పట్టడు. ఆ మాట అందరికీ తెలుసు.

నాలుగు రోజుల ముందు నుంచీ విదేశీ బాబు మంచం దగ్గర కూర్చుని పిచ్చుకకు చెయ్యి ఊపడం నేర్పాడు. ఫోను ఎత్తితే చాలు, ఊపాలి.

"ఏరా, దీని గుండె బాగుచేయాలా, చెయ్యి ఊపించాలా?" అంది పెద్దాయమ్మ, పక్క మంచం దుప్పటి గట్టిగా దులిపి.

"రెండూను పెద్దమ్మా. ఇది చెయ్యి ఊపితే ఇంకో పదిమంది గుండెలు బాగవుతాయి."

ఆ మాట నిజమని ఆవిడకూ తెలుసు. అందుకే ఒళ్ళు ఇంకా మండింది.

ఆ రోజు పొద్దున పిచ్చుకకు ఒళ్ళు తుడిచి, ఆకుపచ్చ గౌను తొడిగి, రెండు జడలూ విప్పి టోపీ పెట్టింది పెద్దాయమ్మ. రాత్రి నుంచి పిల్ల కడుపులో ఏమీ లేదు, ఆపరేషన్ ముందు అది మామూలే. చెప్పిన వేళకు స్ట్రెచర్ తలుపు ముందుకు వచ్చింది. లోపల సర్జన్, మత్తు డాక్టరమ్మ, అందరూ సిద్ధం. బయట మూడు కాళ్ళ స్టాండు మీద ఫోను. విదేశీ బాబు చెవిలో తీగ.

"ఒక్క ఐదు నిమిషాలు పెద్దమ్మా. ఇంకా సూపు దగ్గరున్నారట."

సూపు అయింది. ఎవరో ఉపన్యాసం అన్నారు. ఉపన్యాసం అయింది. ఒకావిడ పాట పాడుతోందన్నాడు. పాటయ్యాక, ఎవరో గొప్ప క్రీడాకారుడు సంతకం చేసిన బంతిని వేలం వేస్తున్నారన్నాడు.

"బంతికి ఎంత పలికిందిరా?" అంది పెద్దాయమ్మ.

"ఇంకా పాడుతున్నారు."

"అయితే ఆ బంతినే లోపలికి పంపు, ఆపరేషన్ చేస్తారు."

వాడు నవ్వలేదు. ఫోను తెర మినుక్కుమన్నప్పుడల్లా పిచ్చుక చెయ్యి ఎత్తి ఊపుతోంది. "ఇప్పుడు కాదమ్మా, ఇప్పుడు కాదు" అంటున్నాడు వాడు. పిల్ల చెయ్యి దించేది, మళ్ళీ ఎత్తేది. పెదాలు ఎండిపోయాయి. "దాహం" అంది. తల్లి కొంగుతో మొహం తుడిచింది. "మంచినీళ్ళు" అంది. తల్లి మళ్ళీ తుడిచింది.

మత్తు డాక్టరమ్మ తలుపు తీసి తొంగిచూసింది. "బాబూ, ఇంకెంతసేపు? పిల్ల వాడిపోతోంది."

"అయిపోయింది డాక్టర్, అయిపోయింది."

తరువాత సర్జనే వచ్చాడు, కడుక్కున్న చేతులు గాల్లో పట్టుకుని. "చూడు బాబూ, గడియారం చూశావా? పది దాటితే నేను మొదలుపెట్టను. ఇక వచ్చే నెలే."

"సార్, చైర్మన్ గారు అక్కడ వేదిక మీదున్నారు. ఆయన చెప్పకుండా లోపలికి పంపితే..."

"నెలకొక్కనాటి చుట్టాన్ని. మీ ఇంటి తగువుల్లో నన్ను దింపకు" అని సర్జన్ లోపలికి పోయాడు. అంత పెద్ద చదువు చదివినవాడు, "తోసెయ్యండి" అనే ఒక్క మాట అనలేకపోయాడు. అనలేడు. ఆ యంత్రాలూ, ఆ దీపాలూ, ఆయన దారి ఖర్చులూ కూడా ఆ విందులోంచే రావాలి.

పెద్దాయమ్మ స్ట్రెచర్ కడ్డీ మీద చేతులు వేసి నిలబడే ఉంది. ఆ చేతులు ఎప్పుడో బిగిసిపోయాయి. అప్పుడు పిచ్చుక తల్లి ఆవిడ పక్కకు జరిగి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"అమ్మా, వాళ్ళు తినడం అయ్యేదాకా మా పిల్ల తినకుండా ఉండాలాండీ?"

నిలదీయడానికి అడగలేదు. ఎత్తిపొడవడానికి అంతకంటే కాదు. చెప్పులు ఎక్కడ విడవాలి, మందుల చీటీ ఎక్కడ చూపించాలి అని అడిగినట్టే అడిగింది. ఇక్కడి నియమం అదేనేమో, తనకు తెలియదేమో అనుకుంది. దెబ్బలాడి ఉంటే పెద్దాయమ్మ సర్దిచెప్పి ఉండేది. ఎందరు తల్లులకు సర్దిచెప్పిందో. ఈ మాటకు మాత్రం ఆవిడ కోపం చేతుల్లోంచి నోటిలోకి వచ్చేసింది.

"తలుపు తియ్యి" అంది.

"పెద్దమ్మా..."

"తలుపు తియ్యరా."

"వేలం అయిపోవచ్చింది. ఇంకొక్క..."

"నీ ఇంకొక్కటీ పొద్దున్నించీ వింటున్నా. పది కొడితే ఈ పిల్ల ఇంటికి పోతుంది. వచ్చే నెల జ్వరం రాదని, దగ్గు రాదని, ఊపిరి ఆగదని ఆ దొరసాని చేత చెప్పించు, నేనూ కూర్చుని బంతి వేలం చూస్తాను."

విదేశీ బాబు స్ట్రెచర్ కడ్డీ పట్టుకుని చక్రానికి అడ్డంగా వచ్చాడు. వాడి మొహం పాలిపోయింది. "నా ఉద్యోగం పోతుంది. అది పోనీ. ఈ ఏటి డబ్బంతా ఈ తలుపు మీదుంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదన్నట్టు... నువ్వివ్వగలవా ఆ డబ్బు? రేపు డబ్బుల్లేక ఇంకో పిల్లను వెనక్కి పంపితే ఆ తల్లికి నువ్వు చెబుతావా?"

"చెబుతాను. డబ్బుల్లేవని చెబుతాను. ఉన్న మాట చెప్పడానికి నాకు నోరుంది. డబ్బూ ఉండి, డాక్టరూ ఉండి, తలుపూ ఎదురుగా ఉండి, అవతల ఎవరో చెయ్యి కడుక్కోలేదని పిల్లను ఆపామని ఈ తల్లికి చెప్పే నోరు మాత్రం నాకు లేదు. నీకుంటే నువ్వు చెప్పు. అదిగో, పక్కనే ఉంది."

వాడు తల్లి వైపు చూడలేదు. కడ్డీ వదల్లేదు.

"చెయ్యి తియ్యి. కాలూ తియ్యి. చక్రం నిన్ను చూసి ఆగదు."

చెయ్యి తీశాడు. కాలు తీసే లోపల చక్రం వాడి బూటు ముక్కు మీదుగా వెళ్ళిపోయింది. అదొక్కటే, ఇన్నేళ్ళలో ఆవిడ స్ట్రెచర్ ఒకరికి తగలడం. తలుపు తన భుజంతో నెట్టుకుని లోపలికి పోయింది. పిచ్చుక ఫోను వైపు చివరిసారి చెయ్యి ఊపింది. అవతల ఎవరూ లేరు. లోపల మత్తు డాక్టరమ్మ "హమ్మయ్య" అని స్ట్రెచర్ అందుకుంది. సర్జన్ ముసుగు పైకి లాక్కున్నాడు.

పెద్దాయమ్మ బయటికొచ్చి తలుపు మూసేసరికి ఫోను తెర వెలిగింది. పెద్ద పెద్ద దీపాలు, గుండ్రని బల్లలు, వందల మొహాలు. వాళ్ళకు కనిపిస్తున్నది ఖాళీ వరండా, మూసిన తలుపు, దాని ముందు నడుం మీద చేతులు పెట్టుకుని ఒక ముసలావిడ. విదేశీ బాబు కుంటుతూ ఫోను వైపు వచ్చేలోపల ఆవిడే ముందుకు నడిచింది.

"భోజనాలయ్యాయా బాబూ?" అంది. "కడుపులు నిండాయా? మా పిల్ల రాత్రి నుంచి ఎండిపోయి ఇంతసేపూ మీకోసం చెయ్యి ఊపింది. అప్పుడేమైపోయారు? మీరిచ్చే డబ్బు మంచిదే, కాదనను. ఇచ్చే చెయ్యి గొప్పదే. అంతమాత్రాన మీ బల్ల మీద వడ్డించడానికి మా పిల్లను ఆపుతారా? ఇంట్లో మీ పిల్లల్ని ఇలాగే ఆపుతారా? సిగ్గుండాలి, ఇచ్చేవాళ్ళకైనా, తీసుకునేవాళ్ళకైనా."

అవతల చైర్మన్ గారు వేదిక మీద మైకు పట్టుకుని ఒక్క క్షణం నీళ్ళు నమిలారు. తరువాత చిరునవ్వుతో ఇంగ్లీషులో ఏదో అన్నారు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

పెద్దాయమ్మకు అర్థం కాలేదు. "ఏమన్నాడురా ఆయన?"

విదేశీ బాబు బూటు విప్పి వేలు పట్టుకుని కూర్చున్నాడు. "పిల్ల క్షేమంగా లోపలికి వెళ్ళింది, ఈ ఆయమ్మ మిమ్మల్ని మనసారా దీవిస్తోంది అన్నారు."

ఆవిడ మళ్ళీ ఫోను వైపు తిరిగింది. అప్పటికే వాడు దాన్ని బోర్లించేశాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. సర్జన్ పిల్ల కళ్ళు తెరవడం చూసుకునే రైలెక్కాడు. రెండో రోజు విదేశీ బాబు పిచ్చుకను చూడటానికి వచ్చి, మంచం పక్కన నిలబడి, ఎవరిదో ఫోను వస్తే జేబులోంచి తీశాడు. పిల్ల ఒంటి నిండా గొట్టాలున్నాయి. కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి. ఫోను కనబడగానే, సూది గుచ్చి ఉన్న చేతిని పరుపు మీద నుంచి కాస్త లేపి ఊపింది. అది మోగుతూనే ఉంది. వాడు ఫోను ఎత్తలేదు. పెద్దాయమ్మ ఆ చేతిని మెల్లగా పట్టుకుని దుప్పటి కింద పెట్టి, వాడిని బయటికి నడవమని కళ్ళతోనే చెప్పింది.

వారం తిరక్కుండా చైర్మన్ గారు మండిపడుతూ దిగారు. హాల్లో మన భాష తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడట. చప్పట్లు అయ్యాక దొరసానిని పక్కకు పిలిచి, ఆ ముసలావిడ దీవించలేదమ్మా, కడిగిపారేసిందని మాటకు మాట చెప్పాడట. మాటిచ్చినవాళ్ళలో సగంమంది వెనక్కి తగ్గారు. సంఘాలన్నీ కలిసి తెర మీదికి వచ్చి సంజాయిషీ అడుగుతాయట.

"క్షమించమని ఒక్క మాట చెప్పు. వయసు మీద పడింది, కంగారుపడ్డానని చెప్పు. అక్కడితో అయిపోతుంది" అన్నారు చైర్మన్ గారు.

"కంగారు నేను పడలేదండి. పడాల్సినవాళ్ళు పడలేదు."

ఆఫీసు గదిలో కుర్చీ వేశారు. ఎదురుగా తెర మీద గళ్ళుగళ్ళుగా మొహాలు, ఒక్కో గడిలో ఒక్కో దేశం. నడిమి గడిలో తెల్ల జుట్టు దొరసాని. ఆవిడ మెత్తగానే అడిగింది. విదేశీ బాబు తెలుగులో చెప్పాడు: "ఎందుకలా చేశారని అడుగుతున్నారు పెద్దమ్మా. మా వల్ల ఏం తప్పు జరిగిందో తెలుసుకోవాలంటున్నారు."

పెద్దాయమ్మ చైర్మన్ గారి వైపు చూడలేదు. వాడి వైపే చూసింది. "నేను చెప్పేది ఉన్నది ఉన్నట్టు చెబుతావా? నీ సొంత దీవెనలేమీ కలపకూడదు."

"చెబుతాను."

"తలుపు మీది కాదమ్మా, అని చెప్పు. తలుపు పిల్లది. పిల్ల సిద్ధమైతే తెరుచుకోవాలి. మీరు డబ్బిచ్చారు, ఆ డబ్బుతో తలుపు కట్టుకున్నాం, దండం పెడతాం. దాన్ని ఎప్పుడు తియ్యాలో మాత్రం మీరు చెప్పొద్దు. మా వాళ్ళు అడిగినా మీరు ఒప్పుకోవద్దు. మావాళ్ళకు ఆశ ఎక్కువ, సిగ్గు తక్కువ."

చైర్మన్ గారు దగ్గారు. విదేశీ బాబు ఒకసారి గొంతు సవరించుకుని, ఆపకుండా చెప్పాడు. ఉన్నది ఉన్నట్టే చెప్పాడని, భాష రాకపోయినా, అవతలి మొహాలు చూస్తే ఆవిడకు తెలిసిపోయింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక గడిలో మనిషి తల దించుకున్నాడు. ఇంకో గడిలో మనిషి కోపంతో తెరలోంచి మాయమైపోయాడు. చివరికి దొరసాని మాట్లాడింది. వాడు వింటూ, కాగితం మీద పెన్ను పెట్టి ఏమీ రాయకుండా ఉండిపోయాడు.

"ఏమంటోంది?"

"డబ్బివ్వడం పూర్తిగా మానరట. తగ్గిస్తారట. ఆ తలుపు కార్యక్రమం మాత్రం ఇక మన దగ్గర పెట్టరట. ఈ పద్ధతికి ఒప్పుకునే ఆసుపత్రులు వేరే దేశాల్లో ఉన్నాయట. వచ్చే ఏడు అక్కడ పెట్టుకుంటారట."

పెద్దాయమ్మ కుర్చీలోంచి లేచి కొంగు దోపుకుంది. వార్డులో ఇంకో పిల్లను ఎక్స్‌రేకు తీసుకెళ్ళాల్సి ఉంది.

"పెట్టుకోమను. అక్కడ మాత్రం ఆయాలుండరా?"

విదేశీ బాబు తలెత్తాడు. "ఇది కూడా చెప్పమంటావా పెద్దమ్మా?"

"అదే ముందు చెప్పు" అని ఆవిడ బయటికి నడిచింది.